‘అయోగ్యముగా’ తినడం అంటే ఏమిటి? (1 కొరింథీ 11:27–29)

దివిటీ:
అందరికీ వందనాలు. పెళ్లయ్యాక మా వారి సంఘానికి వెళ్తున్నాను. పసితనంలో నా తలమీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. మునిగి తీసుకోలేదని ఇక్కడ నాకు ప్రభువు బల్ల (యేసును తలచుకుంటూ పంచుకునే రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వరు. రొట్టె పళ్లెం నా ఒడి మీదుగా పక్కావిడ చేతికి వెళ్లిపోతుంది. అడిగితే, అయోగ్యంగా తిన్నవాడు అపరాధి అవుతాడన్న 27వ వచనం చూపిస్తారు. నేను అయోగ్యురాలినా?

కాపరి కొడుకు:
సిస్టర్, మనసు నొప్పించాలని కాదు. 29లో ‘ప్రభువు శరీరమని వివేచింపక’ తినేవాడికి శిక్షావిధి అని ఉంది. 30లో చాలామంది రోగులయ్యారనీ కొందరు చనిపోయారనీ ఉంది. అంత భయపెట్టే మాట ఉన్నప్పుడు పెద్దలు ఆపడం ప్రేమే. తొలి సంఘపు పుస్తకం దిదకే కూడా 9వ అధ్యాయంలో బాప్తిస్మం లేనివారు తినకూడదనే చెప్పింది.

అక్షరం:
గ్రీకులో అది ‘అనాక్సియోస్’, క్రియావిశేషణం. తినే తీరు గురించి చెప్తోంది, తినే మనిషి గురించి కాదు. 21 చదవండి: ఒకడు ఆకలితో ఉన్నాడు, ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడు. ఈ పత్రిక రాసిన పౌలు మండిపడింది దానికి. పైగా 29లో తొలినాటి రాతప్రతుల్లో ‘ప్రభువు’ అన్న మాట లేదు, ‘శరీరము’ అనే ఉంది. 10:17 ప్రకారం ఆ శరీరం మనమే, సంఘమే.

ఆవగింజ:
ఆమేన్.

కాపరి కొడుకు:
27లో ప్రభువు శరీరం, రక్తం అని స్పష్టంగా ఉంది. రక్తం కూడా సంఘమేనా?

అక్షరం:
27 వేరు, 29 వేరు. నేను మాట్లాడేది 29 గురించి.

రెండు కాసులు:
1529లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ 15 అంశాల్లో 14 ఒప్పుకుని, ఈ బల్ల దగ్గరే విడిపోయారు.

దివిటీ:
నేను గ్రీకు అడగలేదు. కాపరి కొడుకు గారూ, దిదకే 7వ అధ్యాయం వదిలేశారెందుకు? నీళ్లు చాలకపోతే తలమీద మూడుసార్లు పోయమని ఉంది.

కాపరి కొడుకు:
పసిబిడ్డకు పోయమని లేదు. మార్కు 16:16లో నమ్మడం ముందు, బాప్తిస్మం తర్వాత.

దివిటీ:
నలభై ఏళ్లుగా నమ్ముతున్నాను. అది లెక్కలోకి రాదా? మీకు వాక్యం కన్నా గేటు ముఖ్యం.

కాపరి కొడుకు:
ఆ మాట అనకండి. గేటు లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. నాన్న ఎవరినీ ఆపేవారు కాదు. సంఘం డబ్బు వాడుకున్నాడని తెలిసిన మనిషికి కూడా రొట్టె విరిచి ఇచ్చారు. ఆ కారణంతోనే సగం మంది వెళ్లిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. ఆరోజు ఎవరూ ముట్టని చిన్న గిన్నెల్లోని ద్రాక్షారసాన్ని ఒక్కొక్కటిగా సీసాలోకి వంపుకున్నారు నాన్న. నాకు పదమూడేళ్లు.

ఆవగింజ:
బ్రదర్, ప్రార్థిస్తున్నాను.

దివిటీ:
క్షమించండి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఆ మనిషి డబ్బు తీశాడు. నేనేం చేశాను? 28లో ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అని ఉంది. నన్ను పరీక్షించే పని ఇంకొకరికి ఎవరిచ్చారు? మొదటినుంచీ నా ప్రశ్న ఇదే.

కాపరి కొడుకు:
5:11లో అలాంటివాడితో భోజనమే చేయవద్దన్నాడు పౌలు. పెద్దలకు ఆ బాధ్యత ఉంది. మీరు అలాంటి మనిషి కాదు, అది ఒప్పుకుంటాను. మునగడం విషయంలో మాత్రం నా మాట మారదు. మీ వారు ఏమంటున్నారు?

దివిటీ:
ఏమీ అనరు. మూడు నెలలుగా ఆయనా తీసుకోవడం మానేశారు. పళ్లెం ఇప్పుడు ఇద్దరి మీదుగా వెళ్తోంది.