హైదరాబాద్ తెల్లాపూర్, నల్లగండ్ల గేటెడ్ కమ్యూనిటీలు: నీళ్ల ఖర్చు చదరపు అడుగు లెక్కనా, ఇంటింటికీ మీటరా?

టవర్‌బి:
ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గరే, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం తేలికే, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఉన్నాయి. ఎండలు ముదిరితే మాత్రం గేటు ముందు ట్యాంకర్ల వరుస. నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో చదరపు అడుగు లెక్కన పడుతోంది. 2,400 అడుగుల ఫ్లాట్‌లో ఇద్దరే ఉన్నా, 1,300 అడుగుల్లో ఐదుగురున్న ఇంటికంటే దాదాపు రెట్టింపు కట్టాలి. జనరల్ బాడీలో మీటర్ల తీర్మానం పెడుతున్నారు. అవునో కాదో కారణాలతో చెప్పండి.

లెక్కలరావు:
ముమ్మాటికీ మీటరే. తలకు రోజుకు 135 లీటర్లు అని ప్లానింగ్‌లో వేసుకుంటారు, అందులో 45 ఫ్లష్‌కి. నలుగురున్న ఇంటికి రోజుకు 540, నెలకు 16,200 లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్ వెయ్యి రూపాయలనుకుంటే నెలకు ఇంటికి 1,620. 400 ఫ్లాట్లున్నచోట రోజుకు 2,16,000 లీటర్లు. బిల్లు చేతికొస్తే వాడకం నాలుగో వంతు తగ్గినా రోజుకు ఐదు ట్యాంకర్లు ఆగుతాయి. ఖర్చు ఎవరిదో తెలియనంత కాలం కుళాయి ఎవరూ కట్టేయరు.

షాఫ్ట్‌మేస్త్రి:
రావు గారూ, ఇంటికి ఒక్క పైపే వస్తుందన్నట్టు లెక్క వేశారు. మన దగ్గర కట్టిన టవర్లలో టెర్రస్ ట్యాంకు నుంచి ఒక్కో షాఫ్ట్‌లో (పైపుల కోసం వదిలిన నిలువు సందు) ఒక్కో పైపు దిగుతుంది. కిచెన్, యుటిలిటీకి ఒకటి, మాస్టర్ బాత్రూమ్‌కి ఒకటి, మిగతా బాత్రూమ్‌లకి చెరొకటి. అంటే త్రీ బీహెచ్‌కేకి నాలుగు ఇన్‌లెట్లు, నాలుగు మీటర్లు. ఇన్‌లెట్‌కి బిగింపుతో నాలుగు వేలనుకున్నా ఇంటికి 16,000. మీరు చెప్పిన నాలుగో వంతు పొదుపు నెలకు 405 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 40 నెలలు, అదీ ఒక్క మీటరూ పాడవకుండా ఉంటే.

పాడయ్యే దారులు చాలా ఉన్నాయి. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ, మెకానికల్ మీటర్ లోపలి చక్రానికి సున్నం పట్టి తక్కువ చూపిస్తుంది. ముందు స్ట్రెయినర్ (చిన్న జల్లెడ) పెట్టకపోతే ట్యాంకర్‌తో వచ్చిన ఇసుకకి ఆగిపోతుంది. పెడితే దాన్ని కడగడానికి మనిషి కావాలి. టెర్రస్ ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేటప్పుడు పైపులో గాలి తోసుకొస్తుంది, మీటర్ గిర్రున తిరుగుతుంది. నీళ్లు రాని రోజు బిల్లు ఎక్కువొచ్చిందంటే నివాసి ఊరుకుంటాడా? పై మూడు నాలుగు అంతస్తుల్లో ప్రెషర్ అసలే తక్కువ, మీటర్ ఇంకాస్త తినేస్తుంది. అక్కడ ప్రెషర్ పంపు లేకపోతే షవర్ ధార సన్నబడుతుంది.

ఇక బిగింపు. బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ తెరిచి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు కోయాలి. ఇత్తడి థ్రెడ్ ఉన్న ఫిట్టింగ్‌ని రెంచీతో అతిగా బిగిస్తే ప్లాస్టిక్‌కి కంటికి కనపడని చీలిక వస్తుంది, రోజుల తర్వాత కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది. పైపు అతికించే సాల్వెంట్ ఆరకముందే నీళ్లు వదిలినా అంతే. ఆ మరమ్మతు ఖర్చు అసోసియేషన్‌దా, కాంట్రాక్టర్‌దా అన్నది ముందే కాగితం మీద ఉండాలి.

లెక్కలరావు:
శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్లలో తిరిగే చక్రమే లేదు, సున్నం బాధ తక్కువ. రీడింగ్ వైర్‌లెస్‌లో వస్తుంది. తెల్లవారుజామున రెండింటికి కూడా నీళ్లు పోతూ ఉంటే లీకు అని హెచ్చరిస్తుంది. మేస్త్రి గారి కష్టాల్లో సగం పాత మీటర్లవి.

షాఫ్ట్‌మేస్త్రి:
సున్నం, ఇసుక, గాలి బాధ తగ్గుతుంది, ఒప్పుకుంటా. బిగింపులో లీకులు, నాలుగు ఇన్‌లెట్లు అలాగే ఉన్నాయి. పైగా బ్యాటరీ అయిపోతే బ్యాటరీ మార్చవచ్చా, మీటరే మార్చాలా? కంపెనీ యాప్ ఆపేస్తే డయల్ మీద అంకె కనిపిస్తుందా? కొటేషన్‌లో ఈ రెండింటికీ జవాబు లేకపోతే సంతకం పెట్టకండి.

ఎన్నారైఓనర్:
తాళం వేసిన ఫ్లాట్లకి మీటర్ న్యాయమే కదా. సున్నా వాడకం, సున్నా బిల్లు.

కొల్లూరుట్రెజరర్:
సున్నా కుదరదండీ. పంపుల కరెంటు, సంపు శుభ్రం, నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్‌కి ఉప్పు, ఎస్‌టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు) ఆపరేటర్ జీతం ఇంట్లో మనుషులున్నా లేకున్నా పడే ఖర్చులు. వీటిని ఫ్లాట్‌కి సమానంగా వేసి, కొన్న నీళ్లని మాత్రమే మీటర్ మీద వేయాలి. రెండూ కలిపి లీటరు ధర కడితే, జనం పొదుపు చేసిన నెలలో ఖాతాలో లోటు వస్తుంది. వచ్చే నెల ధర పెంచితే "పొదుపు చేసినందుకు జరిమానా" అంటారు, ఆ మాటా నిజమే.

ఇంకో సంగతి. టవర్ మొత్తం నీళ్లు కొలిచే బల్క్ మీటరుకీ ఇళ్ల మీటర్ల మొత్తానికీ మధ్య కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా ఎవరు కట్టాలో అసోసియేషన్ నియమావళిలో (బైలాస్) లేకపోతే గొడవ ఖాయం. తేడా పదో వంతు దాటిందంటే లీకో, మీటర్ తప్పించి పోయే పైపో ఉన్నట్టే, వెతకాలి.

ఎస్‌టీపీభాయ్:
మీటర్ మీద కొట్టుకునే ముందు ఫ్లష్ లైన్ చూసుకోండి భాయ్. మంచినీళ్లకి ఒకటి, ఎస్‌టీపీలో శుద్ధయిన నీళ్లతో ఫ్లష్‌కి ఒకటి అని రెండు లైన్లు వేసిన బిల్డింగ్‌లో కూడా వాసన వస్తోందని ఫ్లష్‌ని మంచినీళ్ల లైన్‌కి కలిపేస్తారు. పైన వేసిన లెక్కలోనే 1,600 మందికి 45 చొప్పున రోజుకు 72,000 లీటర్లు, ఏడు ట్యాంకర్లు. మీటర్లతో మిగిలే ఐదుకన్నా ఎక్కువ! వాసనకి మామూలుగా కారణం కరెంటు బిల్లు తగ్గించాలని ఎస్‌టీపీలో గాలి ఊదే బ్లోయర్‌ని రాత్రి ఆపేయడం. గాలి అందక బ్యాక్టీరియా చస్తుంది, నీళ్లు కుళ్లు వాసన కొడతాయి. బ్లోయర్ సరిగా నడిపి, కార్బన్ ఫిల్టర్‌ని రోజూ బ్యాక్‌వాష్ చేసి (నీళ్లు వెనక్కి పంపి కడిగి), క్లోరిన్ వేస్తే ఆ ఫిర్యాదు చాలావరకు పోతుంది. ఈ లైన్‌కి మాత్రం మీటర్ పెట్టొద్దు, చెత్తకి మూసుకుపోతుంది.

లీకయ్యే ఫ్లష్ ట్యాంకులు వేరే కథ. ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే వాషర్ పోయినట్టే. ఖర్చు వాషర్ ధరే.

టవర్‌బి:
ట్యాంకర్ నిజంగా పదివేలు పోస్తోందా అన్నది ఎలా తేలుతుంది?

కొల్లూరుట్రెజరర్:
సంపు పొడవు, వెడల్పు కొలవండి. 6 మీటర్లు × 5 మీటర్లయితే పదివేల లీటర్లకి మట్టం 33 సెంటీమీటర్లు పెరగాలి. పోసేటప్పుడు పైకెక్కించే మోటరు ఆపాలి, జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) ఇన్‌లెట్ కట్టేయాలి, లేకపోతే కొలత తప్పు. 28 మాత్రమే పెరిగితే 8,400 లీటర్లే వచ్చినట్టు. డబ్బూ అంతకే ఇవ్వండి. కొలిచాకే గార్డు చీటీ మీద సంతకం చేయాలి.

లెక్కలరావు:
ఇవన్నీ చేయాల్సినవే, ఒప్పుకుంటా. కానీ ఏ ఇల్లు ఎంత వాడుతోందో ఇవేవీ చెప్పవు. నా ఓటు మీటరుకే.

షాఫ్ట్‌మేస్త్రి:
అయితే ముందు ఒక్క టవర్‌లో పెట్టండి. టెర్రస్ ట్యాంకు అవుట్‌లెట్‌లన్నిటికీ బల్క్ మీటర్లు, ఒకే షాఫ్ట్ వరుసలో పై నుంచి కింద దాకా ఇళ్ల మీటర్లు. ఏప్రిల్, మే రెండు నెలల రీడింగులు చూసి, బిల్లు వేయకుండా అంకెలు మాత్రం నోటీసు బోర్డులో పెట్టండి. వానాకాలంలో పెట్టి పొదుపు వచ్చిందంటే నేను నమ్మను.