డాలస్: కిడ్నీ రాయికి ఇండియాలో తాగిన సిరప్ ఇక్కడ దొరకదా?

అందరికీ నమస్తే. డాలస్ పక్కనే ఉన్న ప్లేనో వచ్చి నెల కూడా కాలేదు. మొన్న రాత్రి నడుము నుంచి గజ్జల దాకా నొప్పి లాగేసింది. ఈఆర్‌లో (ఎమర్జెన్సీలో) సీటీ స్కాన్ తీసి, 6 మి.మీ. రాయి మూత్రనాళం కింది దాకా జారిందన్నారు. టాంసులోసిన్, నొప్పి బిళ్లలు రాశారు. హైదరాబాద్‌లో మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే సిట్రేట్ సిరప్ ఇక్కడెక్కడా లేదు. బీపీకి టెల్మా వాడుతున్నాను. సిరప్ ఎవరితోనైనా తెప్పించుకోమంటారా?

—

తమ్ముడూ, వద్దు. రాయి దిగడానికి మామూలుగా ఇచ్చేది టాంసులోసినే. నాళాన్ని వదులు చేస్తుంది. ఫార్మసీ కాగితంలో ప్రోస్టేట్ (మగవాళ్ల మూత్రాశయం కింది గ్రంథి) మందు అని ఉంటుంది, కంగారు పడకు. రోజూ ఒకే పూట, తిన్న అరగంటకి వేసుకో. మంచం మీంచి గబుక్కున లేవకు, కళ్లు తిరుగుతాయి. బీపీ మందు కూడా ఉంది కదా, ఇంకాస్త జాగ్రత్త.

సిట్రేట్ ముఖ్యంగా మళ్లీ రాళ్లు రాకుండా ఇచ్చేది. ఇక్కడ ఆ మోతాదు పొటాషియం సిట్రేట్ బిళ్లలు డాక్టరు చీటీ మీదే. మూత్రం వడకట్టే జల్లెడ ఇచ్చారా? పడిన రాయి పట్టుకుని ల్యాబ్‌కి ఇవ్వు. 24 గంటల మూత్రం పట్టమని పెద్ద డబ్బా కూడా ఇస్తారు, ఫ్రిజ్‌లో దానికి చోటు చూసుకోవడమే తంటా! అవి చూశాకే మందు తేలుతుంది. యూరిక్ యాసిడ్ రాయికి సిట్రేట్ బాగా పనిచేస్తుంది, ఫాస్ఫేట్ రాయైతే ఆలోచించి ఇవ్వాలి.

అసలు మెలిక నీ టెల్మా. అందులో ఉండే టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం పెంచుతుంది. దాని మీద పొటాషియం సిట్రేట్ కూడా పడితే గుండె లయ తప్పే ప్రమాదముంది, రక్తపరీక్ష చేయిస్తూ ఇవ్వాలి. 'టెల్మా' అంటే ఇక్కడి డాక్టరుకి తెలియకపోవచ్చు. స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఉన్న పేరు, ఎన్ని మి.గ్రా. అన్నది రాసుకెళ్లు. వాళ్లిచ్చిన నొప్పి బిళ్ల చాలక సొంతంగా ఐబుప్రోఫెన్ కలపకు, టెల్మాతో కలిస్తే కిడ్నీకి దెబ్బ.

—

అన్నయ్యగారు చెప్పినట్టే చేయండి. రాళ్లకి వాడే సిస్టోన్ అనే మూలికల మందు తెప్పించుకోమనేవాళ్లూ ఉంటారు. 2011లో మేయో క్లినిక్ వైద్యులు కొద్దిమంది మీద ఏడాది పాటు వాడి చూస్తే ఫలితం కనబడలేదు. పాలు, పెరుగు మానకండి, తిండిలో కాల్షియం తగ్గితే రాళ్లు కట్టే ఆక్సలేట్ ఇంకా ఎక్కువ ఒంట్లోకి చేరుతుంది. ఆ ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర పప్పే తగ్గించుకోవాలి. నీళ్లు ఎన్ని తాగామని కాదు, మూత్రం రోజుకి రెండున్నర లీటర్లు రావాలి.

చలి జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. చిన్నచిన్న జబ్బులు చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి కాదు, నేరుగా ఈఆర్‌కే వెళ్లండి.