అప్‌డేట్: 100 కౌంటు పడుగు తెగడం తగ్గింది

కోనసీమలోని బండారులంకలో గుంట మగ్గం (గుంటలో కాళ్లు పెట్టి నేసేది) మీద 100 కౌంటు (ఈ అంకె పెరిగేకొద్దీ దారం సన్నం) నూలు పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలు, మాటిమాటికీ తెగుతోంది, నూలు నాసిరకమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. నూలుది తప్పు కాదు. కారణాలు రెండు.

జవాబుల్లో చాలామంది చెప్పినట్టే ముందు తెగిన చోట్లు సుద్దతో గుర్తు పెట్టాను. సగం వరకు ఎడమ అంచు దగ్గర ఒకే వరుసలో వచ్చాయి. అంటే పన్నెదే (రీడు, పడుగు దారాలు దూరే దువ్వెన లాంటి చట్రం) లోపం. అక్కడ ఒక పన్ను తుప్పు పట్టి గరుకెక్కింది, పలక (పన్నె బిగించిన చెక్క) కొట్టిన ప్రతిసారీ దారాన్ని గీరేస్తోంది. వేలు పెడితే తెలియలేదు, దూది రాస్తే పీచు పట్టుకుంది. పన్నె మార్చాక ఆ వరుస పోయింది.

మిగతావి ఎక్కడపడితే అక్కడ, అదీ మధ్యాహ్నం పడమటి గాలి వీచేటప్పుడే. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే ఆగిపోయేవి. కారణం, పడుగుకి పెట్టిన గంజి చిక్కగా పట్టింది. ఎండుగాలికి దారం పుల్లలా బిరుసెక్కి, వంగాల్సిన చోట విరుగుతోంది. అసలే సన్నం: 100 కౌంటంటే కిలో నూలు 169 కిలోమీటర్లు! ఈసారి బియ్యపు గంజి పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, కొద్దిగా కొబ్బరినూనె కలిపి, కుంచెతో ఒకే వైపుకి దువ్వాం. ఎదురు దువ్వితే నూగు లేస్తుంది. పడుగు కింద తడి గోనె పరుస్తున్నాం.

పడుగు మీద నీళ్లు చల్లమన్న సలహా మాత్రం పాటించొద్దు. గంజి కరిగి దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.