కుర్చీలో మనిషిని మాయం చేసే షాట్: కట్ దగ్గర బొమ్మ ఎగురుతోంది

తెరచాటు:
స్టేజీ మెజీషియన్ జార్జ్ మెలియెస్ 1896లో తీసిన చిన్న సినిమాలో, కుర్చీలో కూర్చున్నావిడ మీద గుడ్డ కప్పి మాయం చేస్తాడు కదా. అదే ఫోన్‌తో తీస్తుంటే, ట్రైపాడ్ మీద పెట్టినా సరే, మనిషి మాయమయ్యే చోట కుర్చీ ఎగురుతోంది, గోడ రంగు మారుతోంది. ఆయన కెమెరా ఆపి మళ్లీ తిప్పాడంతేనట. మరి అందులో ఎందుకు తెలియదు?

రీలుబాబాయ్:
"ఆపి తిప్పాడంతే" అన్నది సగమే నిజమండీ. చేత్తో తిప్పే కెమెరా టక్కున ఆగదు. వేగం తగ్గేకొద్దీ ఒక్కో ఫ్రేముకీ వెలుతురు ఎక్కువసేపు తగిలి తెల్లబడుతుంది, మళ్లీ మొదలెట్టేటప్పుడూ అదే గొడవ. అందుకే పాడైన ఫ్రేములు కత్తిరించి రెండు ముక్కలూ అతికించేవాడు. మిగిలిన ప్రింట్లను ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఆ అతుకులు దొరుకుతాయి.

మీరైతే రికార్డింగ్ ఆపనే ఆపొద్దు, మధ్యలో అక్కర్లేనిది తర్వాత కత్తిరించుకోండి. బటన్ నొక్కితేనే ఫోన్ కదులుతుంది. స్టెబిలైజేషన్ (వణుకు సరిదిద్దే సెట్టింగు) కూడా తీసేయండి, ట్రైపాడ్ మీద అది మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. గోడ రంగు మారేది ఆటో ఎక్స్‌పోజర్ వల్ల: నల్లచొక్కా మనిషి లేచి వెళ్లగానే సీనులో వెలుతురు పెరిగిందనుకుని ఫోన్ తగ్గించేస్తుంది. ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం), షట్టర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ నాలుగూ లాక్ చేయండి. 50 హెర్ట్జ్ కరెంటు లైట్ల కింద షట్టర్ 1/50. లేచేటప్పుడు కుర్చీ జరుగుతుంది కాబట్టి కాళ్లను నేలకి టేపుతో బిగించండి.

గుడ్డమడత:
కట్ ఎక్కడ పడాలో కూడా చూసుకోండి. గుడ్డ కుర్చీని పూర్తిగా కమ్మేసి, చేతులు భుజాల ఎత్తుకి లేచే క్షణంలో గుడ్డ పట్టుకున్నవాడు బిగుసుకుపోవాలి. గుడ్డ చాటున మనిషి పక్కకి తప్పుకున్నాక అదే ఊపులో కొనసాగించాలి. ఆగబోయే ముందు రెండు మూడు ఫ్రేములు, మళ్లీ కదిలాక రెండు మూడు ఫ్రేములు తీసేయండి. లేకపోతే చెయ్యి ఒక్క క్షణం నీరసించినట్టు కనిపించి గుట్టు బయటపడుతుంది.

ఈ ట్రిక్కు అసలు స్టేజీది, 1886 నాటి ఫ్రెంచ్ మెజీషియన్ బ్యూటియే డి కోల్టాది. నేలలో తలుపు, దాన్ని కప్పడానికి దినపత్రిక, ఆవిడ కిందికి దిగిపోయాక కూడా గుడ్డ కింద తల, భుజాల ఆకారం నిలబెట్టే తీగ చట్రం. మెలియెస్‌కి నేల తలుపు అక్కర్లేదు, అయినా నేల మీద పేపరు పరిచాడు! నా లెక్కన షాట్‌లో అన్నిటికన్నా తెలివైన పని అదే: చూసేవాడి అనుమానాన్ని లేని తలుపు వైపు తిప్పేశాడు.

తెరచాటు:
లాక్ చేశాక గోడ కుదురుకుంది. ఒక్కసారిగా కాకుండా మెల్లగా కరిగిపోవాలంటే? ఎడిటింగ్‌లో వద్దు, కెమెరాలోనే కావాలి.

రీలుబాబాయ్:
పెప్పర్స్ ఘోస్ట్, అంటే గాజులో ప్రతిబింబంతో దెయ్యాన్ని చూపించే పాత ట్రిక్కు. 1862లో లండన్ స్టేజీ మీద చూపించినదే. లెన్సు ముందు పారదర్శకమైన గాజు పలకని 45 డిగ్రీల్లో నిలబెట్టి, ఖాళీ కుర్చీని దాని వెనక, మనిషిని పక్కన నల్ల గుడ్డ ముందు అలాంటి కుర్చీలోనే కూర్చోబెట్టండి. గాజుకి కుర్చీ రెండు మీటర్ల వెనకుంటే మనిషీ రెండు మీటర్ల దూరంలోనే ఉండాలి, అప్పుడే రెండూ ఒకే ఫోకస్‌లో పడతాయి. మనిషి మీది దీపాన్ని డిమ్మర్‌తో తగ్గించండి, కరిగిపోతాడు. మందపాటి గాజు వాడితే అంచులు రెండేసి కనిపిస్తాయి. లెన్సుకి పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, అది ప్రతిబింబాన్నే మింగేస్తుంది.