స్విఫ్ట్‌కు బాడీ కిట్: విడివిడిగానా, సెట్టుగానా?

ప్రశ్న: నా 2018 స్విఫ్ట్‌కు ముందు లిప్ (ముందు బంపర్ కింద బిగించే పట్టీ), సైడ్ స్కర్టులు (తలుపుల కింద బిగించే పట్టీలు), వెనుక డిఫ్యూజర్ (వెనుక బంపర్ కింద బిగించే భాగం) వేర్వేరు దుకాణాల్లో నచ్చాయి. అవి ఒకదానికొకటి నప్పుతాయా?

జవాబు 1: లిప్ కింది అంచు గీతనే స్కర్టులు వెనుక బంపర్ దాకా కొనసాగించాలి, ఆ గీత చక్రం దగ్గర తెగిపోతే, ఎంత ఖరీదు పెట్టినా బండి అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఒకే తయారీదారు సెట్టు తీసుకోవడమే మేలు.

జవాబు 2: నా ఫైబర్‌గ్లాస్ లిప్ మా వీధి స్పీడ్ బ్రేకర్‌కే పగిలింది (ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది). పాలీయురేథేన్ (వంగే గుణమున్న ప్లాస్టిక్) అయితే కొంత వంగి తట్టుకుంటుంది. రంగు వేయించే ముందు భాగాలను టేపుతో అంటించి, పది అడుగుల దూరం నుంచి చూడండి.

జవాబు 3: తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కాబట్టి, చక్రాల మీది భాగాన్ని బయటికి పెంచే వెడల్పు ఫెండర్ల జోలికి వెళ్లకండి.