సుంకి ఘాట్ ఎక్కుతుండగా ఆగిపోతున్న పెట్రోల్ కారు: కారణం పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (సిమిలిగుడ, కొరాపుట్ జిల్లా)

అందరికీ నమస్కారం. నాది 2012 నాటి పెట్రోల్ కారు, ఇప్పటికి 1,14,000 కిలోమీటర్లు తిరిగింది. మా అత్తవారిది విజయనగరం కావడం వల్ల నెలకు రెండుసార్లయినా పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి, మళ్లీ అదే దారిన ఎక్కి రావలసి ఉంటుంది. మూడు నెలలుగా తిరుగు ప్రయాణంలో ఘాట్ సగం ఎక్కాక, లారీల వెనక రెండో గేరులో వస్తుండగా, ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతోంది. అంతకు ముందు దగ్గడం గాని, కుదుపు గాని ఉండదు. స్టార్టర్ చక్కగా తిప్పుతుంది గాని ఇంజన్ అందుకోదు. బానెట్ తెరిచి పదిహేను ఇరవై నిమిషాలు నిలబడితే, ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. దిగేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక్కడి నుంచి సునాబేడ, కొరాపుట్ తిరిగినప్పుడూ ఆగలేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. కారు ఆగినప్పుడు నేను స్టార్టర్ తిప్పుతుంటే, వెనక సీటు దగ్గర చెవి పెట్టి విన్న మా ఆవిడ ట్యాంకులోని పెట్రోల్ పంపు చప్పుడు రావడం లేదని చెప్పింది. ఆ మాట విని మా మిస్త్రీ పెట్రోల్ పంపు మార్చాడు. ఏడు వేలు ఖర్చయింది. తర్వాతి ప్రయాణంలో దాదాపు అదే మలుపు దగ్గర మళ్లీ ఆగింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి, లోపాన్ని తెలిపే కోడ్ ఏదీ లేదు గనుక లోపమూ లేదన్నారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడడమే కారణమని ఒకరు, పెట్రోల్‌లో నీళ్లు కలిశాయని మరొకరు అంటున్నారు. ఇంకే వస్తువైనా మార్చే ముందు అసలు కారణం తెలుసుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (జయపురం)

గాలి పలచబడడం సంగతి ముందుగా పక్కన పెట్టవచ్చు. మీ ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే ఇంచుమించు పదోవంతు మాత్రమే తగ్గుతుంది. 5,000 మీటర్లకు పైబడిన ఖార్దుంగ్ లా కనుమను కూడా మామూలు కార్లు దాటుతున్నాయి, ఎందుకంటే లోపలికి వచ్చే గాలిని బట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్‌ను తగ్గించుకుంటుంది. నీళ్లు కలిసి ఉంటే ఇంజన్ ముందు కుదుపులిస్తుంది, ఊళ్లో కూడా ఇస్తుంది. పైగా పదిహేను నిమిషాలు చల్లబడినంత మాత్రాన ట్యాంకులోని నీళ్లు ఎక్కడికీ పోవు.

మీరు చెప్పిన గుర్తులన్నీ, అంటే వేడెక్కాకే ఆగడం, హెచ్చరిక లేకుండా ఆగడం, చల్లబడితే మామూలుగా స్టార్ట్ కావడం, క్రాంక్ సెన్సార్ వైపు చూపిస్తున్నాయి. క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ఏ క్షణాన ఏ స్థానంలో ఉందో ఈసీయూకు చెప్పేది అదే. చాలా కార్లలో అది ఇంజన్ బ్లాకుకు, గేర్‌బాక్సు చేరే చోటుకు దగ్గరగా, బాగా వేడి తగిలే చోట ఉంటుంది. లోపలి సన్నని తీగ చుట్టలో ఎక్కడైనా చిన్న చీలిక వస్తే, వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. మీ టెంపరేచర్ ముల్లు కూలెంట్ వేడిని చూపుతుందే గాని సెన్సార్ వేడిని కాదు. దిగేటప్పుడు ఇంజన్ మీద బరువు ఉండదు గనుక అంత వేడీ పుట్టదు.

ఇక పంపు చప్పుడు విషయం. ఇక్కడే మీ ఏడు వేలూ పోయాయని నా అభిప్రాయం. తాళం ఆన్ చేయగానే ఈసీయూ రెండు మూడు క్షణాలు పంపును నడిపి ఆపేస్తుంది, క్రాంక్ తిరుగుతోందని సెన్సార్ చెప్తేనే మళ్లీ నడుపుతుంది. ప్రమాదం జరిగి ఇంజన్ ఆగిపోయినప్పుడు పెట్రోల్ చిమ్మకుండా చేసిన ఏర్పాటు ఇది. సెన్సార్ మూగబోతే పంపు బాగున్నా మూగబోతుంది. అందువల్ల పంపు మోగలేదన్న మాట ఒక్కటే చాలదు, ఎప్పుడు మోగలేదన్నది కావాలి. తాళం ఆన్ చేసిన తొలి క్షణాల్లో మోగి, స్టార్టర్ తిప్పినప్పుడు మోగకపోతే సెన్సార్‌ను అనుమానించాలి. తొలి క్షణాల్లో కూడా మోగకపోతే రిలే (కరెంటును కలిపే, తెంచే స్విచ్), ఫ్యూజు, కరెంటు దారి చూడాలి.

జవాబు (సాలూరు, ఆటో ఎలక్ట్రీషియన్)

పై సభ్యుడు చెప్పినది సబబే అయినా, సెన్సార్‌ను కూడా ఊహించి మార్చవద్దని నా మనవి. మా ఊరు లారీల ఊరు, ఘాట్ మీద ఆగిన బండ్లను చూడని నెల నాకు ఉండదు. అందులో సగం సార్లు తప్పు వస్తువుది కాదు, దాని దాకా వెళ్లే తీగది. మెయిన్ రిలేలో టంకం చీలినా, ఇగ్నిషన్ స్విచ్ అరిగినా, బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ తీగ వదులైనా ఇంజన్ ఇలాగే పుటుక్కున ఆగుతుంది. అయితే ఆ క్షణంలో ముందు లైట్లో, డాష్‌బోర్డు దీపాలో, స్టీరియోనో ఒక్కసారి మినుకుమంటే కరెంటు తప్పని అనుకోవచ్చు. అవన్నీ వెలుగుతూనే ఉండి, బండి ఇంకా గేరులో దొర్లుతుండగానే, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నాకు పడిపోతే, క్రాంక్ సిగ్నల్ పోయినట్టు. ముల్లు బండితోపాటే మెల్లగా దిగితే పెట్రోల్ సంగతి చూడాలి.

దొంగ ఇంట్లో ఉండగానే పట్టుకోవాలి గాని, వెళ్లిపోయాక తలుపులు వెతికితే దొరకడు. సర్వీస్ సెంటర్ వారు బాగా నడుస్తున్న బండిని పరీక్షించారు, అందుకే వారికి ఏమీ దొరకలేదు. ఫోన్‌కు కలిపే, ఈసీయూ చెప్పే అంకెలను చూపే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొని కారులో ఉంచుకోండి. ఈసారి ఆగగానే, చల్లబడనివ్వకుండా, లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూస్తూ స్టార్టర్ తిప్పండి. ఇంజన్ తిరుగుతున్నా అంకె సున్నా అయితే సిగ్నల్ రావడం లేదు. రెండు వందలకు అటూ ఇటూ చూపితే సెన్సార్ నిర్దోషి. సున్నా వస్తే తడిగుడ్డతో సెన్సార్‌ను మాత్రమే చల్లబరచి మళ్లీ తిప్పండి. చెయ్యి కాలకుండా, ఫ్యాన్‌కు తగలకుండా చూసుకోవడం మరువకండి.

అడగలేదు గాని ఒక మాట చెప్పాలి. ఇంజన్ ఆగితే, బ్రేక్ నొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే సరిపోతుంది. పెడల్‌ను వదిలి వదిలి నొక్కకుండా ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టండి. స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళాన్ని లాక్ దాకా తిప్పకండి. ఆగిన వెంటనే హ్యాండ్ బ్రేక్ వేసి, హజార్డ్ దీపాలు వెలిగించి, వెనక చక్రం కింద రాయి పెట్టాకే బానెట్ తెరవండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు, రెండు వారాల తర్వాత

నిన్న సుంకి దాటాక ఆగింది. జీవితంలో మొదటిసారి కారు ఆగినందుకు సంతోషించాను. దీపాలేవీ మినుకుమనలేదు. తాళం ఆన్ చేస్తే పంపు రెండు క్షణాలు మోగింది, స్టార్టర్ తిప్పితే మోగలేదు, స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. సెన్సార్ గేర్‌బాక్సు పక్కన చేతికి అందింది. తడిగుడ్డ చుట్టి నాలుగు నిమిషాలకు తిప్పితే అంకె కనబడింది, ఇంజన్ అందుకుంది. ఇవాళ మిస్త్రీ కొత్త సెన్సార్ వేశాడు. వేస్తుండగా దాని తీగ ఒక బ్రాకెట్‌కు రాసుకుని పైతొడుగు అరిగి ఉండడం చూసి, టేపు చుట్టి పక్కకు కట్టాడు. రెండూ ఒకేసారి సరిచేశాం గనుక ఏది అసలు దోషమో తేలలేదు.

జవాబు (సాలూరు, ఆటో ఎలక్ట్రీషియన్)

పాత సెన్సార్ పారేయకపోతే తేల్చవచ్చు. దానికి రెండు పిన్నులుంటే మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి, సాధారణంగా కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు వరకు ఉంటుంది. తర్వాత జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మళ్లీ కొలవండి. మూడు పిన్నులుంటే అది సాధారణంగా తీగ చుట్ట బదులు చిప్ ఉండే హాల్ రకం, దానికి ఈ పరీక్ష పనికిరాదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

రెండు పిన్నులే. చల్లగా ఉన్నప్పుడు 860 ఓమ్‌లు చూపింది. డ్రయ్యర్ పెట్టగా మొదట మెల్లగా పెరిగి, ఆరు నిమిషాలకు మీటర్ ఏమీ చూపలేదు. కిటికీలో పెట్టి చల్లార్చితే మళ్లీ 860. ఈ ఆటను మా మిస్త్రీ చేత కూడా రెండుసార్లు ఆడించాను. విప్పిన పాత పంపును ఇంకా దాచి ఉంచానని అతడే చెప్పి తెచ్చిచ్చాడు, డిక్కీలో పెట్టుకున్నాను.