'సినిమా ఆడలేదు' అంటే ఏమన్నట్టు?

పెద్దలకి నమస్కారం. సందేహం వ్యాకరణానిదే గానీ, పుట్టింది మాత్రం విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా హాలు బుకింగ్ దగ్గర. అందుకని కాస్త ఉక్రోషం కూడా కలిసి ఉంటుంది, ఓపిక పట్టండి.

మూడు వారాల కింద ఒక చిన్న సినిమా వచ్చింది. పేరు చెప్పను, చెబితే చర్చ దాని బాగోగుల మీదకి పోతుంది. పేపర్లో దాని గురించి చదివి మా అమ్మ చూస్తానంది. ఆవిడ తనంతట తాను సినిమాకి వెళ్దామని అడిగి మూడేళ్లయింది. శుక్రవారం విడుదల. ఆదివారం మధ్యాహ్నం సత్యనారాయణపురంలో ఆటో ఎక్కించి తీసుకొచ్చాను. వచ్చి చూస్తే గోడ మీద పోస్టర్ మారిపోయింది. మా సినిమా పోస్టర్ మీదే పెద్ద హీరోది అంటించేశారు. మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది. కింద అంచున పాత పేరులో చివరి రెండక్షరాలు బయటికి కనపడుతున్నాయి.

బుకింగ్ కిటికీలో కుర్రాణ్ణి అడిగాను.

"ఆడలేదండీ, తీసేశారు."

"మొన్న శుక్రవారమే గదయ్యా వచ్చింది?"

"వచ్చింది గానీ, ఆడలేదండీ."

ఎన్ని ఆటలు వేశారయ్యా అంటే, శుక్రవారం పొద్దున పదకొండింటికి ఒకటి, శనివారం పదకొండింటికి ఒకటి. మొత్తం రెండు. మిగతా ఆటలన్నీ రెండో వారంలో ఉన్న పెద్ద సినిమావి. శనివారం తొమ్మిది మంది వచ్చారట. మళ్లీ ఆటో ఎక్కుతుంటే అమ్మ అంది: "ఆడలేదంటాడేంటి, ఆడిస్తేగా!"

అప్పట్నుంచీ ఆ మాట పట్టుకుని కూర్చున్నాను.

ఆడు అనే క్రియ చెయ్యని పని లేదు. పిల్లలు ఆడతారు, ఊపిరి ఆడుతుంది, చేతిలో డబ్బు ఆడుతుంది, గానుగ ఆడుతుంది. మాటలు కూడా ఆడేవే. నాటకాల రోజుల్లో 'ఫలానా ఊళ్లో నాటకం ఆడారు' అనేవారు. ఆడినవాళ్లు రంగు పూసుకుని కళ్లెదుటే ఉన్నారు. తోలుబొమ్మలైతే 'ఆడించారు'. తెర వెనక దీపం దగ్గర కూర్చున్న మనిషి కూడా లెక్కలోకి వచ్చాడు. సినిమా దగ్గరికొచ్చేసరికి ఆ మనిషి మాయమయ్యాడు. 'సినిమా ఆడింది', అంతే. దానంతట అదే, వాన పడ్డట్టు. బాగా ఆడితే సక్సెస్ మీట్ పెట్టి స్టేజీ నిండా జనం ఎక్కుతారు. ఆడకపోతే ఆ వాక్యంలో ఉన్న ఒకే ఒక్క కర్త సినిమా కాబట్టి, నేరం దానిదే.

మా చిన్నప్పుడు 'ఎన్నాళ్లాడింది?' అని అడిగేవాళ్లం. 50 రోజులు, 100 రోజులు, 25 వారాలకి రజతోత్సవం. అందులోనూ పేచీలు: ఒకే హాల్లో నేరుగా వందా, హాళ్లు మారుస్తూ షిఫ్టింగ్ మీదా? రోజూ నాలుగాటలా, ఒక్క నూన్ షోనా? వాటికోసం క్లాసులో చొక్కాలు చించుకున్నాం. మా అబ్బాయి, వాడి స్నేహితులు 'ఎంత చేసింది?' అంటారు. రోజులు పోయి కోట్లొచ్చాయి, దాంతోబాటు క్రియ కూడా మారిపోయింది. తెల్లారేసరికి లెక్క ఫోన్లో ఉంటుంది: నైజాం ఇంత, సీడెడ్ ఇంత, కృష్ణా ఇంత, గుంటూరు ఇంత. (పక్కమాట. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన రాయలసీమ జిల్లాలు సినిమా వాళ్లకి ఇంకా సీడెడ్డే. 2022 ఏప్రిల్లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా వాళ్ల లెక్కలో మనం ఇంకా కృష్ణాయే. కలెక్టరేట్ల కంటే ట్రేడ్ వాళ్లే చరిత్ర బాగా కాపాడుతున్నారు.)

శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైన కొత్తలో హాళ్లు ఖాళీగా ఉన్నాయని, చూసినవాళ్లు చెప్పగా చెప్పగా జనం కదిలారని అందరికీ తెలిసిన కథే. దానికీ రెండు పొద్దుటాటలు ఇచ్చి, తొమ్మిది మందే వచ్చారని పోస్టర్ మీద పోస్టర్ అంటించి ఉంటే, 'ఆడలేదు' అన్న ముక్క దాని పేరు పక్కన కూడా ఉండేది.

ఇంతకీ నా సందేహం. జరిగినదాన్ని సరిగ్గా చెప్పే మాట 'ఆడనివ్వలేదు'. సినిమా గురించి ఆ మాట ఎవరన్నా వాడగా విన్నారా? నేను వినలేదు.

బ్రాడీపేట మాస్టారు: బాబూ, పోస్టు బాగుంది గానీ అసలు కీలకం వదిలేశారు. 'ఆడలేదు' ఒక మాట కాదు, రెండు. 'నిన్న ఆడలేదు' అంటే ఆ పని జరగలేదని. ఆడలేను, ఆడలేవు, ఆడలేడు, ఆడలేదు అనే వరసలో పెడితే దానికి చేతకాదని. రాస్తే రెండూ ఒకటే. పలికేటప్పుడు మన గుంటూరులో మొదటిదాన్ని 'ఆడ్లేదు' అని నలిపేస్తాం, రెండోదానికి 'లే' దగ్గర కాస్త నిలబడతాం. మీ బుకింగ్ కుర్రాడు మొదటి అర్థంలోనే అని ఉంటాడు. పేపర్లోకి, ఫోన్లలోకి ఎక్కేసరికి అది రెండో అర్థమై కూర్చుంటుంది. జరగలేదన్నది చేతకాలేదుగా మారడానికి ఒక్క ఆదివారం చాలు. నలభై ఏళ్లు పిల్లలకి వ్యతిరేకార్థక క్రియలు చెప్పాను, ఈ ఉదాహరణ తట్టలేదు నాకు.

నేను: మాస్టారూ, దండం. ఇదే వెతుకుతున్నాను. రెండర్థాలూ ఉన్నాయి, కావలసిన మూడోది మాత్రం లేదు.

ఓరుగల్లు నుంచి: అన్నా, మా దిక్కు సినిమా ఆడదు, నడుస్తది. 'మంచిగ నడిచింది' అంటం. నడవకుంటే 'ఎత్తేసిండ్రు' అంటం. ఎత్తేసినోళ్లెవరో తెల్వది గానీ, ఎవరో ఉన్నరని మాత్రం తెలుస్తది.

నేను: ఎత్తేయడం మాకూ ఉందమ్మా. నువ్వు చెప్పాక మళ్లీ చూశాను, ఆ కుర్రాడు ఒక్క గుక్కలో రెండూ అన్నాడు: "ఆడలేదండీ, తీసేశారు." మొదటి ముక్కలో నేరం సినిమాది. రెండో ముక్కలో తీసేసినవాళ్లు ఉన్నారు, బహువచనంలో, పేరు లేకుండా. పాపం వాడు నిజమే చెప్పాడు, నేనే సగం విన్నాను.

తెనాలి నుంచి (హాల్లో మేనేజరుగా చేశాను): తమ్ముడూ, హాలు వాళ్ల బాధ కూడా విను. తొమ్మిది మంది, టికెట్టు 110 అనుకో, 990 రూపాయలు. అందులో జీఎస్టీ పోవాలి. ఆ తొమ్మిది మందికీ ఏసీ వెయ్యాలి, తుడిచేవాడికి, గేటు దగ్గర వాడికి జీతం. ఆ డబ్బు కరెంటుకే చాలదు. క్యాంటీన్లో ఆ రోజు రెండు టీలు అమ్ముడయ్యుంటాయి. ఇంక చిన్న నిర్మాత సంగతి. ప్రొజెక్టర్లో బొమ్మ పడాలంటే డిజిటల్ కంపెనీకి విడిగా చార్జీ కట్టాలి. దానిమీదే గదా 2018 మార్చిలో దక్షిణాదిలో కొత్త సినిమాలు ఆపేసి గొడవ చేసింది. ఆ చార్జీ పెద్ద సినిమాకి చిల్లర ఖర్చు, చిన్నవాడికి నడుం విరుగుతుంది.

అసలు మాట చెప్తాను. నాలుగాటల్లో ఏది ఎవరికి అనేది చాలా హాళ్లలో మేనేజరు చేతిలో ఉండదు. పెద్ద సినిమా వాళ్ల దగ్గర్నుంచి ఫోనొస్తుంది. "పండక్కి మా సినిమా కావాలా వద్దా? కావాలంటే ఈ వారం ఆటలన్నీ దీనికే ఉంచు." అద్దె మీద బతికే హాలువాడు కాదనగలడా? 2025 మేలో అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తాం అని హాళ్లవాళ్లు అన్నది ఊరికే కాదు. చివరికి మూయలేదు, అది వేరే కథ. మా భాషలో దీనికి మాట ఉంది, 'షో కోసేశారు'. ఆడలేదని మేం జనానికి చెప్తాం, మాలో మేం కోసేశారనే అనుకుంటాం.

నేను: అన్నా, మీరు చెప్పింది న్యాయంగా ఉంది. ఆ కిటికీలో కుర్రాడి మీద గానీ, మీలాంటి మేనేజరు మీద గానీ నాకు కోపం లేదు. 'కోసేశారు' రాసుకున్నాను.

నా కోపం ఇంకో చోట. సినిమా పెద్దలు ఏ మైకు దొరికినా 'జనం హాళ్లకి రావడం మానేశారు' అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారట. సామెతలో కూడా చూడండి, ఇదే క్రియ. మా అమ్మ వచ్చింది గదా? ఆటోకి డబ్బులు పెట్టుకుని, మోకాలి పట్టీ వేసుకుని వచ్చింది. రానివాళ్ల లెక్క తీస్తారు, వచ్చి వెనక్కి తిరిగి పోయినవాళ్ల లెక్క ఏ ట్రేడ్ షీట్లో ఉంటుంది?

రేట్ల సంగతీ ఇంతే. 2022 మార్చిలో ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చిన 13వ నంబరు జీవోలో, పారితోషికాలు కాకుండా 100 కోట్లు దాటిన సినిమాకి మొదటి పది రోజులు రేటు పెంచుకునే వీలిచ్చారు. రోజుకి ఐదు ఆటలు వేసుకోవచ్చు, అందులో ఒకటి చిన్న సినిమాకి ఇవ్వాలన్నారు. మొదటిది అందరికీ గుర్తుంది. పండగ వచ్చిందంటే పెంచమని అర్జీ పట్టుకుని సచివాలయానికి పరుగులే. రెండోది ఎవరికి గుర్తుందో మీరే చెప్పండి. పది రోజుల్లో పిండుకోవాలంటే ఆ పది రోజులూ ఊళ్లో తెరలన్నీ కావాలి. నెమ్మదిగా ఆడే సినిమాకి చోటెక్కడిది?

గవర్నరుపేట నుంచి: బాబాయ్, మేం అర్ధరాత్రి ఒంటిగంటకి బెనిఫిట్ షోకి వెళ్లేవాళ్లం, మమ్మల్ని కూడా తిట్టేస్తున్నావా? మాక్కూడా ఒక సందేహం. బెనిఫిట్ ఎవరికి?

బ్రాడీపేట మాస్టారు: పాతరోజుల్లో ఆ వసూలు ఏ వరద బాధితులకో, మంచాన పడ్డ నటుడికో ఇచ్చేవాళ్లు బాబూ. 'సహాయార్థం' అని కరపత్రంలో వేసేవారు. ఎవరి సహాయార్థమో పేరు ఉండేది. ఇప్పుడు పేరు పోయింది, బెనిఫిట్ మిగిలింది.

గవర్నరుపేట నుంచి: అయితే నిర్మాత సహాయార్థం అని టికెట్టు మీద వేయిస్తే సరి. నేనింకా కడతాను, ఏం చేస్తాం, ఫ్యాన్.

ఓరుగల్లు నుంచి: డేటు చెప్పి మూడుసార్లు వాయిదా వేస్తరు చూడు, దానికి మాట లేదా మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు: లేకేమమ్మా, 'ఆడి తప్పడం'. ఇక్కడ ఆడటమంటే మాట అనడం. హరిశ్చంద్రుడు తప్పనిది అదే. మన వాళ్లు ప్రతి పోస్టర్‌తో తప్పుతున్నారు.

నేను (వారం తర్వాత): ఈ చర్చ ఇక్కడితో వదిలేద్దామనుకున్నాను గానీ ఒక్క సంగతి చెప్పాలి. శుక్రవారం ఆ సినిమా ఓటీటీలోకి వచ్చేసింది. విడుదలై సరిగ్గా నాలుగు వారాలు. పెద్ద సినిమాలకి ఓటీటీకి ముందు ఎనిమిది వారాల గడువు ఉండాలని 2022లో షూటింగులు ఆపి మరీ మాట్లాడుకున్నారు గదా, హాల్లో రెండే ఆటలు పడ్డ సినిమాకి గడువెందుకులే అనుకున్నట్టున్నారు. నిన్న రాత్రి అమ్మకి ఫోన్లో పెట్టిచ్చాను. దిండుకి ఆనించుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చూసింది. నెట్ సరిగ్గా లేదు. సగంలో బొమ్మ ఆగిపోయి, మధ్యలో ఆ సున్నా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ కాసేపు చూసి, ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇదేంట్రా, ఇక్కడ కూడా ఆడనివ్వరా?"

మాస్టారూ, ప్రయోగం దొరికింది. సత్యనారాయణపురం, డెబ్బై నాలుగేళ్ల వక్త. రాసుకోండి.